తోటకి దారి ఫారెస్టులోంచే ఉంది, జేసీబీ ఆపేశారు. ఇప్పుడేం చెయ్యాలి?

జీడితోట | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు అవసరం పడింది.

నేను విశాఖ మధురవాడలో ఉంటాను. ఆనందపురం దాటాక ఒక కొండ వెనకాల నాన్నగారి జిరాయితీ భూమి ఉంది, 3 ఎకరాల 40 సెంట్లు. జీడి తోట, మధ్యలో కొన్ని మామిడి. తారురోడ్డు నుంచి తోటకి ఎప్పట్నుంచో ఒక బాట ఉంది. తాతగారి రోజుల్లో ఎడ్లబండి వెళ్లేదట. ఇప్పుడు బైకు కూడా కష్టం. బాట మొత్తం 430 మీటర్లు. అందులో 380 దాకా రిజర్వ్ ఫారెస్టులో పడుతుందని మొన్ననే తెలిసింది. అదీ ఎలాగంటే, జేసీబీ పెట్టి పొదలు తీయిస్తుంటే గంటలోపు బీట్ ఆఫీసర్ వచ్చి ఆపేశారు. బండి సీజ్ చెయ్యలేదు గానీ డ్రైవర్ ఫోన్ నంబరు, మా నాన్నగారి ఆధార్ రాసుకుని వెళ్లారు. ఆయనకి 71 ఏళ్లు, రాత్రంతా నిద్రపోలేదు. ఇంట్లో అందరికీ టెన్షన్.

మాకు 12 అడుగుల దారి చాలు. చెట్లు కొట్టక్కర్లేదు, పొదలే. పర్మిషన్ ఎవరిని అడగాలి? ఎన్నాళ్లు పడుతుంది?

ప్లాట్లబాబు | ఆదివారం, రాత్రి 9:30

గురూ, 2023లో చట్టం మారింది. 0.10 హెక్టారు లోపు అయితే పర్మిషనే అక్కర్లేదు. 12 అడుగులంటే ఎక్కువైపోతుంది, 8 అడుగులు వేసుకో. 380 మీటర్లకి 927 చదరపు మీటర్లు వస్తుంది, వెయ్యి లోపే. తర్వాత మెల్లగా పెంచుకోవచ్చు. ఇంతకీ తోట అమ్మే ఉద్దేశం ఉందా?

బీచ్‌రోడ్ | ఆదివారం, రాత్రి 9:34

చివరి వాక్యం కోసమే మొత్తం పోస్టు రాసినట్టుంది 😄

పాతరేంజర్ | ఆదివారం, రాత్రి 10:50

జీడితోట గారూ, ముందు నాన్నగారికి ధైర్యం చెప్పండి. పేర్లు రాసుకుని వెళ్లారంటే హెచ్చరించి వదిలేశారనే అర్థం. రిజర్వ్ ఫారెస్టులో అనుమతి లేకుండా మిషన్ పెడితే కేసు కట్టి బండి పట్టుకెళ్లొచ్చు. మా రోజుల్లో అయితే పట్టుకెళ్లేవాళ్లం.

ప్లాట్లబాబు గారు చెప్పింది మాత్రం నమ్మకండి. ఆయన చెప్పిన మినహాయింపు చట్టంలో ఉంది, కాకపోతే అది మీలాంటి కేసుకి కాదు. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టాన్ని 2023లో సవరించారు, పేరు కూడా హిందీలో మార్చారు. ఆ సవరణలో 0.10 హెక్టారు మినహాయింపు ఎక్కడంటే, ప్రభుత్వం నిర్వహించే రోడ్డు లేదా రైలు లైను పక్కన ఉన్న అటవీ భూమికి. హైవే పక్కన వరసగా చెట్లు నాటి దాన్ని ఫారెస్టుగా నోటిఫై చేసిన చోట్లు ఉంటాయి. దాని వెనకాల ఊరో బంకో ఉంటే, ఆ పట్టీ దాటి రోడ్డెక్కడానికి దారి కావాలి. ఆ ఇబ్బంది తీర్చడానికి పెట్టారు. కొండ మీద రిజర్వ్ ఫారెస్టులోంచి తోటకి పోయే దారికి వర్తించదు. 8 అడుగులు వేసినా 4 అడుగులు వేసినా అంతే.

మీకు ఉన్న మార్గం కేంద్రం అనుమతుల కోసం పెట్టిన పరివేష్ పోర్టల్‌లో దరఖాస్తు. మీరే "యూజర్ ఏజెన్సీ", అంటే అటవీ భూమి అడిగే పక్షం అవుతారు. దారి మ్యాప్ కేఎంఎల్ అనే డిజిటల్ మ్యాప్ ఫైలుగా పెట్టాలి. డీఎఫ్‌ఓ (డివిజనల్ ఫారెస్ట్ ఆఫీసర్) ఆఫీసు సైటు చూసి రిపోర్టు రాస్తుంది. చెట్ల లెక్క అంటే ఏదో అంచనాగా రాసేది కాదు. ఛాతీ ఎత్తున టేపు చుట్టి, జాతి, చుట్టుకొలత రాసి, ఒక్కో చెట్టుకీ రంగుతో నంబరు వేస్తారు. అది కన్జర్వేటర్‌కి, అక్కణ్నుంచి రాష్ట్ర నోడల్ ఆఫీసర్‌కి, తర్వాత కేంద్రం ప్రాంతీయ కార్యాలయానికి. మనకిప్పుడు అది విజయవాడలో ఉంది. ముందు స్టేజ్-1, అంటే షరతులతో సూత్రప్రాయ అంగీకారం. డబ్బు కట్టి షరతులు తీర్చాక స్టేజ్-2. ఎన్‌పీవీ (నెట్ ప్రెజెంట్ వాల్యూ) అని కడతారు, అడవి ముందు ముందు ఇచ్చే మేలుకి ఇప్పుడే వెలకట్టినట్టు. 2022లో రేట్లు పెంచారు, గరిష్ఠంగా హెక్టారుకి సుమారు 16 లక్షలు. మీ విస్తీర్ణానికి అది పెద్ద మొత్తం కాదు. అసలు కష్టం వేరే చోట ఉంది.

దరఖాస్తులో ఒక గడి ఉంటుంది. ఈ పనికి అటవీ భూమే ఎందుకు కావాలి, వేరే ఏ దార్లు చూశారు, అవి ఎందుకు కుదరవు అని. నా సర్వీసులో ఆ గడి నిజాయితీగా నింపిన ఫైళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. "వేరే దారి లేదు" అని ఒక్క ముక్క రాసి పంపేస్తారు. చూసేవాడు సైటు మీదకి వెళ్తే, కొండ పక్క నుంచి బండి బాట కనపడుతూ ఉంటుంది.

మీకు వేరే దారి ఉందా?

జీడితోట | ఆదివారం, రాత్రి 11:05

ధన్యవాదాలు సార్. వేరే దారి లేదండి. ఉన్నది ఇదొక్కటే.

బీచ్‌రోడ్ | సోమవారం, ఉదయం 7:15

అడవిలో రోడ్డంటే ఈఐఏ అనే పర్యావరణ ప్రభావ అంచనా, పబ్లిక్ హియరింగ్ ఇవన్నీ ఉంటాయి కదా? పేపర్లో చూస్తుంటాం, కలెక్టర్ కూర్చుంటారు, జనం మైకులో మాట్లాడతారు.

నల్లకోటు | సోమవారం, ఉదయం 8:02

అది 2006 ఈఐఏ నోటిఫికేషన్ కింద. రోడ్లలో అది పట్టించుకునేది కొత్త నేషనల్ హైవేలు, బాగా వెడల్పు చేసే పాత హైవేలు, కొత్త స్టేట్ హైవేలు, ఈ స్థాయి వాటినే. రాయ్‌పూర్ నుంచి విశాఖకి వేస్తున్న ఆరు లేన్ల కారిడార్ లాంటిది అందులోకి వస్తుంది. అక్కడ ఛత్తీస్‌గఢ్ వైపు ఉదంతి అభయారణ్యం దగ్గర సొరంగం తవ్వి, జంతువులు దాటడానికి దారులు, కోతుల కోసం పైన చెట్ల మధ్య వంతెనలు పెడుతున్నారు.

పల్లె రోడ్డుకీ తోట దారికీ ఈఐఏ లేదు, హియరింగ్ లేదు. ఫారెస్ట్ క్లియరెన్స్ ఒక్కటే జల్లెడ. దాంట్లో జనం మైకు ముందు మాట్లాడే ఘట్టం ఉండదు. అందుకే ఆ సైట్ ఇన్‌స్పెక్షన్ రిపోర్టు ఎవరు రాశారు, ఏం రాశారు అన్నదాని మీదే అంతా ఆధారపడుతుంది.

ఇంకో మాట. ఆ బాట 1980 అక్టోబర్ 25కి ముందే రోడ్డుగా ఏ రికార్డులోనైనా ఉందా? అటవీ చట్టం అమల్లోకి వచ్చిన తేదీ అది. అంతకు ముందున్న మట్టి రోడ్డుని వెడల్పు పెంచకుండా, చెట్లు కొట్టకుండా పక్కా చేసుకోడానికి కొంత వెసులుబాటు ఉంది, అభయారణ్యం కాకపోతే. మా తాత బండి తోలాడు అంటే సరిపోదు, కాగితం కావాలి.

గెడ్డఅవతల | సోమవారం, మధ్యాహ్నం 1:20

చదువుతుంటే కడుపు మండింది అందుకే రాస్తన్నాను. తప్పుగా అనుకోకండి.

మాది అనంతగిరి కొండల్లో ఒక ఊరు. 38 గడప, 160 మంది. మేం పోర్జ గిరిజనులం. తారురోడ్డు నుంచి మా ఊరికి 2.6 కిలోమీటర్లు, అందులో 1.4 ఫారెస్టు. మధ్యన రెండు గెడ్డలు, వాగులన్నమాట. మా వదినకి నొప్పులొచ్చిన రాత్రి వెదురు బొంగుకి దుప్పటి కట్టి మోసాం. నలుగురం, గెడ్డ దగ్గర ఇంకో ఇద్దరు. మొదటి గెడ్డలో మోకాలు దాకా నీళ్లు. ముందు మోసేవాడికి రాయి కనపడదు, వెనక మోసేవాడికి బొంగు వంగిపోద్ది, అందుకని పక్కన ఒకడు సెల్ లైటు పట్టుకుని "రాయి, రాయి" అని చెప్పుకుంటా నడవాలి. నేను పట్టింది లైటే. తారురోడ్డు మీద అంబులెన్సు ఆగి ఉంది, దాని ఎర్రలైటు మాకు కొండ మీంచే కనపడతా ఉంది. దిగటానికి గంటా నలభై నిమిషాలు. తల్లీబిడ్డా బాగానే ఉన్నారు. అందరికీ అలా అవదు.

రోడ్డు అడిగితే ఫారెస్టు అంటారు. ఫారెస్టుని అడిగితే ఇంజనీర్లు కాగితం పెట్టలేదంటారు. అయిదేళ్లుగా ఇదే. ఇక్కడ జీడిపిక్కల కోసం జేసీబీ పెట్టేశారు. ఆపితే ఇంత మంది సలహాలు.

జీడితోట | సోమవారం, మధ్యాహ్నం 1:48

తమ్ముడూ, మీ కష్టంతో నాది పోల్చడం లేదు. మా నాన్న ఆ బాటలోనే పడి తుంటి విరగ్గొట్టుకున్నారు కిందటేడు. జీడిపిక్కల కోసం మాత్రమే కాదు.

మాస్టారు_భీమిలి | సోమవారం, సాయంత్రం 5:10

ఇద్దరూ తగ్గండి నాయనా. మన మన్యంలో రోడ్డు గొడవ వందేళ్ల నాటిది. గూడెం ఘాట్ రోడ్డు పనికి గిరిజనుల చేత చాకిరీ చేయించి, సరిగా కూలి ఇవ్వని డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మీద కోపం కూడా అల్లూరి వారి తిరుగుబాటుకి నిప్పు రాజేసింది. పోడు కొట్టుకోనివ్వని అటవీ చట్టం ఒక పక్క, ఆ అడవిలోనే సర్కారు రోడ్డుకి వెట్టి ఒక పక్క. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డారు. అప్పుడు వద్దన్న మనుషుల మనవలే ఇప్పుడు రోడ్డు కావాలంటున్నారంటే అందులో వింతేమీ లేదు. అప్పటి రోడ్డు కలప దిగడానికీ పోలీసు ఎక్కడానికీ. వీళ్లు అడుగుతున్నది మనిషి దిగడానికి.

పాతరేంజర్ | సోమవారం, సాయంత్రం 6:40

గెడ్డఅవతల బాబూ, నీ కోపం సబబే. కానీ నీ కేసు ఆయన కేసు కంటే చాలా తేలిక. ఆ సంగతి నీకెవరూ చెప్పలేదంటే తప్పు మాలాంటి వాళ్లదే.

2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(2) అని ఉంది. బడి, అంగన్‌వాడీ, మంచినీళ్ల పైపు, కరెంటు లైను, రోడ్డు ఇలా 13 రకాల సౌకర్యాలకి అటవీ భూమి ఇవ్వొచ్చు. ఢిల్లీ, విజయవాడ వెళ్లక్కర్లేదు, డీఎఫ్‌ఓ స్థాయిలోనే తేలిపోతుంది. షరతులు మూడు. ప్రభుత్వం నిర్వహించే పని కావాలి, అంటే కాగితం పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ వాళ్లో ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) వాళ్లో పెట్టాలి. ఒక్కో పనికి 1 హెక్టారు లోపు ఉండాలి, హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకూడదు. గ్రామసభ సిఫారసు చెయ్యాలి.

నీ లెక్క చూడు. 1,400 మీటర్లు, 6 మీటర్ల వెడల్పు. 8,400 చదరపు మీటర్లు, అంటే 0.84 హెక్టారు. లోపే ఉంది. చెట్లు ఆ దామాషాలో 63 దాకా.

ఫారం-ఎ అని ఉంటుంది. గ్రామసభ తీర్మానంతో అది రేంజ్ ఆఫీసర్‌కి వెళ్తుంది. ఆయన మూడు వారాల్లో సైటు చూసి అభిప్రాయం రాయాలి. డీఎఫ్‌ఓ ఒప్పుకోకపోతే ఫైలు చెత్తబుట్టలోకి పోదు, కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి వెళ్తుంది. గ్రామసభకి కోరం ముఖ్యం. సగం మంది రావాలి, వచ్చిన వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. పది మంది సంతకాలు పెట్టించి తెచ్చిన తీర్మానాలు నా చేతుల మీదుగా వెనక్కి పంపాను. అప్పుడు కోపగించుకున్నారు, కానీ ఆ ఫైలు కోర్టులో నిలబడదు.

ఇందాకటి జీడితోట గారికి ఇది వర్తించదు. ప్రైవేటు తోట దారికి 3(2) లేదు.

పీఆర్_ఇంజనీరు | సోమవారం, రాత్రి 9:25

నేను పంచాయతీరాజ్‌లోనే, ఏ సబ్‌డివిజనో చెప్పను. పోర్జ వాళ్లు పీవీటీజీ, అంటే బాగా వెనకబడిన గిరిజన తెగల జాబితాలో ఉన్నారు కాబట్టి పీఎం-జన్‌మన్ కింద రోడ్డుకి అర్హత ఉండాలి. 2023 నవంబరులో మొదలైన పథకం, 100 మంది దాటిన పీవీటీజీ ఆవాసాలకి రోడ్లు అందులో ఉన్నాయి. నిధి ఉందో లేదో అడక్కుండా ఫారెస్టు దగ్గరకి వెళ్తే ఎవరూ కదలరు. ముందు మీ ఊరు జాబితాలో ఉందేమో చూసుకో తమ్ముడూ.

ఇక జీడితోట గారూ, మీకొక ఇంజనీరింగ్ ప్రశ్న. తారురోడ్డు దగ్గర ఎత్తు ఎంత, బాట శిఖరాన ఎత్తు ఎంత? ఫోన్‌లో చూసి చెప్పండి చాలు.

జీడితోట | మంగళవారం, ఉదయం 6:55

పొద్దున్నే వెళ్లి చూసొచ్చాను. రోడ్డు దగ్గర 62 మీటర్లు, పైన 102. అక్కణ్నుంచి తోట వైపు దాదాపు సమంగా ఉంటుంది.

పీఆర్_ఇంజనీరు | మంగళవారం, ఉదయం 7:40

అనుకున్నదే. 380 మీటర్లలో 40 మీటర్ల ఎక్కుడు. దగ్గర దగ్గర తొమ్మిదిన్నరకి ఒకటి, అంటే తొమ్మిదిన్నర మీటర్లు పోతే ఒక మీటరు ఎత్తు. కాలిబాట కాబట్టి సరిపోయింది, ఎడ్లు కూడా ఎక్కేశాయి. ట్రాక్టరు లోడుతో ఎక్కడం కష్టం, వానాకాలం దిగడం ప్రమాదం. కొండ రోడ్డుకి మామూలుగా 16.7కి ఒకటి మించి నిటారుగా వెయ్యరు. ఆ లెక్కన 40 మీటర్లు ఎక్కడానికి 668 మీటర్ల రోడ్డు కావాలి. అంటే మీ బాట తిన్నగా పోదు, కనీసం ఒక హెయిర్‌పిన్ మలుపు వేసుకుని పోవాలి.

కొండ పక్కన 12 అడుగుల రోడ్డు కావాలంటే 12 అడుగులే తవ్వితే రాదు. లోపలి వైపు కొండని కొయ్యాలి, ఆ కోత కాలువతో కలిపి ఇంకో ఏడెనిమిది అడుగులు తింటుంది. 6 మీటర్లనుకుంటే 668 కి 0.4 హెక్టారు. మీరు మొదట అనుకున్న 12 అడుగులు, 380 మీటర్లకి వచ్చే 0.14 కి దాదాపు మూడింతలు. "పొదలే, చెట్లు కొట్టక్కర్లేదు" అన్నది ఇక్కడే పోతుంది.

కొయ్యడం కంటే కోసిన మట్టితో ఇబ్బంది ఎక్కువ. బిల్లులో "డిస్పోజల్" అని ఉంటుంది. సైట్లో జేసీబీ బకెట్ లోయవైపు తిప్పి వదిలేస్తాడు, నిమిషం పని. ఆ మట్టి కింద ఉన్న మొక్కల్ని కప్పేసి, మొదటి వానకి గెడ్డలోకి దిగుతుంది. మన కొండలు ఖోండలైట్ రాయి. ఆ పేరు వచ్చింది కూడా ఇక్కడి ఖోందుల మీదుగానే. ఎండకీ వానకీ బాగా పుచ్చిన చోట చేత్తో నలిపినా పొడి అయిపోతుంది. కోసి వదిలేస్తే రెండేళ్లు బాగానే ఉంటుంది, మూడో ఏడు తుపానుకి ముక్క జారుతుంది. అనంతగిరి వైపు అయితే ఆ మట్టి గోస్తని మీదుగా తాటిపూడికి చేరుతుంది. మీరూ నేనూ తాగే నీళ్లు అవి.

నేను అనుమతి ఇచ్చేవాణ్నైతే చెట్ల లెక్క కంటే ముందు రెండు అడుగుతాను. మట్టి ఎక్కడ పోస్తావు? నీళ్లు దాటే చోట తూములు ఎన్ని, ఎంత వ్యాసం? కొండ మీద పది అడుగుల గెడ్డకి ఒక్క హ్యూమ్ పైపు (సిమెంటు గొట్టం) పెట్టి వదిలేసిన రోడ్లు చూశాను. ఒక్క సీజన్‌కే పైపు పక్కనుంచి కొత్త గెడ్డ పుట్టింది.

పిట్టగూడు | మంగళవారం, ఉదయం 10:15

ఇంజనీరు గారికి దండం. ఈ మాట ఒక ఇంజనీరు నోట వినడం నాకు మొదటిసారి.

నావి కూడా రెండు ముక్కలు. నేను ఆదివారాలు కంబాలకొండలో పిట్టల్ని చూసేవాణ్ని. మన హైవే ఒకసారి గుర్తుచేసుకోండి. ఒక పక్క జూ, ఇంకో పక్క కంబాలకొండ. ఒకప్పుడు ఒకటే అడవి, ఇప్పుడు ఆ మధ్యలోంచి లారీలు. అటు దాదాపు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యంలో చిరుతలు కూడా ఉన్నాయి. ఇటు మిగిలింది ద్వీపం.

తోట దారికి అంత సీను లేదని తెలుసు. కానీ రోడ్డు తినేది దాని వెడల్పు ఒక్కటే కాదు. పైన చెట్ల గొడుగు తెరుచుకుంటే ఎండ నేలకి దిగుతుంది, రెండేళ్లలో లంటానా అనే కలుపు పొద కమ్ముకుంటుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్‌కి కొండల మీద చెట్లు పడ్డాక ఇది కళ్లారా చూశాం. ఎక్కడ గొడుగు పోయిందో అక్కడ ముందు వచ్చింది అదే. ఎండుటాకుల్లో పురుగులు ఏరుకునే ఇండియన్ పిట్టా, నవరంగాలతో ఉంటుంది చూడండి, అలాంటి వాటికి చోటు తగ్గొచ్చు. ఇంకొకటి, తారు రాత్రిపూట వెచ్చగా ఉంటుంది, పాములు వచ్చి పడుకుంటాయి. మాడుగుల, చీడికాడ వైపు గిరినాగులు ఉన్న చోట్ల ఇది చిన్న సంగతి కాదు.

గెడ్డఅవతల ఊరి రోడ్డుకి నేను చెయ్యెత్తి ఓటేస్తాను. ఏ పిట్ట కోసమూ ఎవరి వదినా డోలీలో దిగక్కర్లేదు. తోటకి మాత్రం నన్నడిగితే వద్దంటాను.

ప్లాట్లబాబు | మంగళవారం, ఉదయం 10:40

మీరు ఉండే అపార్టుమెంటు కూడా ఒకప్పుడు కొండే సార్. 

పిట్టగూడు | మంగళవారం, ఉదయం 10:44

నిజమే. కాదనను.

డెన్వర్_వైజాగోడు | మంగళవారం, మధ్యాహ్నం 12:30 (ఇక్కడ అర్ధరాత్రి)

ఎంవీపీ కాలనీలో పెరిగి ఇప్పుడు కొలరాడోలో ఉన్నాను. ఇక్కడ సరిగ్గా ఇలాంటి గొడవే ఒకటి నలభై ఏళ్లుగా నడుస్తోంది. వుల్ఫ్ క్రీక్ అని స్కీయింగ్ చేసే కొండ ఉంది. దాని పక్కన సుమారు 300 ఎకరాల ప్రైవేటు స్థలం, చుట్టూ రియో గ్రాండే నేషనల్ ఫారెస్టు. అక్కడ ఊరంత రిసార్టు కడతాం, హైవేకి దారివ్వండి అని యజమానులు అడుగుతున్నారు.

తమాషా ఏంటంటే రెండు దేశాల చట్టాలూ 1980వే. మనది అక్టోబరులో వచ్చింది, కేంద్రం అనుమతి లేనిదే అటవీ భూమి ముట్టుకోకూడదని. ఇక్కడిది డిసెంబరులో వచ్చింది. ఎనిల్కా అంటారు, అసలు అలాస్కా కోసం చేసిన చట్టం. చుట్టూ నేషనల్ ఫారెస్టు ఉన్న భూమికి యజమాని దాన్ని తగినట్టు వాడుకునేలా దారి ఇవ్వాలని ఒక సెక్షన్ పెట్టారు. అంటే జీడితోట గారు ఇక్కడ ఉంటే దారి హక్కే. కాకపోతే 1970 నాటి నేపా చట్టం కింద పర్యావరణ పరిశీలన చెయ్యాలి. అందులో "ఏమీ చెయ్యకపోతే ఏమవుతుంది" అన్నది కూడా ఒక ప్రత్యామ్నాయంగా రాసి తీరాలి. వుల్ఫ్ క్రీక్‌లో ఫారెస్ట్ సర్వీస్ ఒప్పుకున్నా 2017లో ఒకసారి, 2022లో మళ్లీ ఫెడరల్ కోర్టు కొట్టేసింది. లింక్స్ అనే అడవి పిల్లి గురించి కూడా వాదన నడిచింది. ఇక్కడ జనం అడిగేది "రోడ్డు ఎంత వెడల్పు" అని కాదు, "రోడ్డు చివర ఏం కడతావు" అని.

ప్లాట్లబాబు | మంగళవారం, మధ్యాహ్నం 12:52

ఇదుగో ఇప్పుడు అసలు పాయింట్‌కి వచ్చారు. దారి లేని మూడెకరాల ధర ఎంత, దారి ఉన్న మూడెకరాల ధర ఎంత? ఎవరూ మాట్లాడరేం? నేను దొంగనా, మీరు దొరలా?

మోడరేటర్ | మంగళవారం, మధ్యాహ్నం 1:05

ప్లాట్లబాబు గారూ, ప్రశ్న న్యాయమైనదే, చివరి వాక్యం అక్కర్లేదు. భూముల బేరాలు ఈ విభాగంలో వద్దు.

నల్లకోటు | మంగళవారం, సాయంత్రం 4:30

జీడితోట గారూ, ఒక్క పని చెయ్యండి. మండలాఫీసులో సర్వే సెక్షన్‌కి వెళ్లి గ్రామ నక్ష, మీ సర్వే నంబరు చుట్టుపక్కల ఎఫ్ఎంబీ (పొలం కొలతల పుస్తకం) కాపీలు అడగండి. ఒకప్పుడు ఎడ్లబండి వెళ్లిన తోటకి రెవెన్యూ రికార్డులో ఎక్కడో ఒక పుంత, అంటే ఊరుమ్మడి బండి దారి, ఉండకుండా ఉండదు. పోరంబోకుగా, రెండు చుక్కల గీతలుగా ఉంటుంది.

జీడితోట | శుక్రవారం, రాత్రి 10:20

మూడు రోజులు రాయలేదు, క్షమించండి. రాయాలా వద్దా అని ఆలోచించాను.

నక్ష తీశాను. నల్లకోటు గారు చెప్పినట్టే ఉంది. ఊరి వైపు నుంచి చెరువుగట్టు మీదుగా కొండని చుట్టి మా తోట గట్టు దాకా పుంత. 1.7 కిలోమీటర్లు, అంతా సమతలం, ఒక్క అంగుళం ఫారెస్టు లేదు. ఎడ్లబండి వెళ్లిన దారి అదేనట. మా నాన్నని అడిగితే అప్పుడు ఒప్పుకున్నారు. కొండ మీది బాట మేకల వాళ్లది, దగ్గర దారి అని నడిచేవాళ్లు.

పుంత ఏమైందంటే రెండు చోట్ల కలిసిపోయింది. ఒక చోట ఎవరిదో సరుగుడు తోట. రెండో చోట మా పెదనాన్న గారి పొలం. 1990ల్లో పంపకాల గొడవయ్యాక ఆయన కంచె వేసేశారు. ఆ తర్వాత మాటల్లేవు. పెళ్లిళ్లకి పిలుపులు ఉన్నాయి, వెళ్లడం లేదు.

ఆదివారం రాత్రి రేంజర్ గారు "వేరే దారి ఉందా" అని అడిగితే లేదని రాశాను. అబద్ధం కాదు, నిజంగా నాకు తెలియదు. కానీ మా నాన్నకి తెలుసు. పెదనాన్నని కంచె తియ్యమని అడగడం కంటే అడవిలో జేసీబీ పెట్టడం తేలిక అనుకున్నారు. అడవి తిరిగి మాట అనదు కదా అన్నారు.

పాతరేంజర్ | శుక్రవారం, రాత్రి 10:41

ఈ మాట రాయడానికి ధైర్యం కావాలి. నా సర్వీసులో సగం ఫైళ్ల వెనకాల ఇలాంటి కంచెలే ఉన్నాయి, ఫైల్లో మాత్రం ఎక్కడా ఉండవు.

మా ఇంట్లో కూడా ఒకటుందిలెండి. అది వేరే కథ.

నల్లకోటు | శనివారం, ఉదయం 9:10

పుంత ప్రభుత్వ భూమి. దున్నుకున్నంత మాత్రాన అది మీ పెదనాన్న గారిది అయిపోదు. తహసీల్దారుకి అర్జీ పెట్టి సర్వేయరు చేత హద్దులు పెట్టించమనండి. కానీ నోటీసు వెళ్లేముందు మీరొకసారి ఆయన ఇంటికి వెళ్లండి. ముందు నోటీసు వెళ్లి తర్వాత మనిషి వెళ్తే పని పదేళ్లు. ఇది ప్లీడరుగా చెప్పకూడని మాట, ఫీజు పోతుంది.

గెడ్డఅవతల | ఆదివారం, సాయంత్రం 6:15

అప్‌డేట్ పెడతన్నాను. ఇంజనీరు సార్ చెప్పినట్టు అడిగాం, జాబితాలో మా ఊరు పేరు ఉంది. ఉందని ఇప్పటిదాకా మాకెవరూ చెప్పలేదు.

నిన్న గ్రామసభ పెట్టుకున్నాం. 18 దాటినోళ్లు 97 మంది, 71 మంది వచ్చారు, ఆడోళ్లు 40. సంతకం రానోళ్ల వేలిముద్రలు. మా పెద్దాయన ఒకాయన రోడ్డు వద్దన్నాడు. రోడ్డొస్తే చింతపండు కొనేవోడు ఊళ్లోకే వస్తాడు, బాగానే ఉంటాది, ఆడితో పాటు సారా కూడా వస్తాది అన్నాడు. ఆయన మాట కూడా తీర్మానంలో రాయించాం.

మేమే దారెమ్మట నడిచి చెట్లు లెక్కెట్టాం. 41 వచ్చాయి, మద్దులూ నేరేళ్లూ ఎక్కువ. రెండో గెడ్డ దగ్గర పెద్ద చింతచెట్టు ఉంది. ముగ్గురు చేతులు కలిపితే గానీ అందదు. డోలీ దింపి భుజం మార్చుకునేది దాని కిందనే. దాన్ని కొట్టకుండా రోడ్డు నాలుగడుగులు పక్కకి జరపొచ్చా సార్?

పీఆర్_ఇంజనీరు | ఆదివారం, సాయంత్రం 7:02

జరపొచ్చు. వేళ్లు ఎటు పోయాయో చూసి, గెడ్డ వైపు కాకుండా కొండ వైపు జరపాలి. అక్కడ కోత పెరుగుతుంది కాబట్టి రాతి గోడ కట్టాలి, ఎస్టిమేట్‌లో పెట్టమనండి. ఫారం-ఎ తో పాటు ఇచ్చే మ్యాప్‌లోనే ఆ వంపు చూపించాలి. తర్వాత మారిస్తే ఫైలు మళ్లీ మొదటికొస్తుంది. రెండు గెడ్డల మీదా పైపులు వద్దు, కల్వర్టులు అడగండి. చెట్టు ఫోటో, పక్కన మనిషి నిలబడి ఉన్నది, ఒకటి తీసి పెట్టండి.

పాతరేంజర్ | ఆదివారం, సాయంత్రం 7:30

రేంజ్ ఆఫీసర్ సైటుకి వచ్చే రోజు ఊరోళ్లు నలుగురు ఆయనతో చివరి దాకా నడవండి. జీపు దిగి వంద మీటర్లు చూసి వెనక్కి తిరగనివ్వొద్దు. మజ్జిగ పట్టుకెళ్లండి.

జీడితోట | ఆదివారం, రాత్రి 9:50

పొద్దున్న పెదనాన్న గారింటికి వెళ్లాను. నేనొక్కణ్నే, నాన్న రాలేదు. నక్ష కాపీ పట్టుకెళ్లాను గానీ సంచిలోంచి తియ్యలేదు. తుంటి ఎలా ఉందని ఆయనే అడిగారు. కాఫీ ఇచ్చారు. లేచి వచ్చేటప్పుడు, సరుగుడు వాడు తీస్తే నేనూ తీస్తాను, ముందు నేనే ఎందుకు తియ్యాలి అన్నారు. నేను కంచె గురించి ఒక్క మాటా ఎత్తలేదు.

పరివేష్ దరఖాస్తు వెయ్యడం లేదు. బీట్ ఆఫీసర్‌కి ఫోన్ చేసి చెప్పాను. జేసీబీ పీకిన చోట గట్టు సరిచేసి పెట్టమన్నారు, వచ్చే శనివారం ఇద్దరు కూలీలతో వెళ్తున్నాను. సరుగుడు తోట ఆసామి గాజువాకలో ఉంటాడట, నంబరు దొరికింది.